మూత పెట్టిన కూర

"ఇంకొంచెం అన్నం ఎయ్యమ్మా."

చివరి బంతిలో కూర్చున్న ఆవిడ అలా అడగడం మూడోసారి.

మెర్సీ విసురుగా వడ్డించింది. ఆవిడెవరో చర్చివాళ్లెవరికీ తెలియదు. బక్కపలచటి మనిషి, జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. ఎక్కడ భోజనాలు పెడితే అక్కడికి వచ్చి తినిపోయే రకం అనుకుంది మెర్సీ.

ఆ రోజు చీపురుపల్లిలో చనిపోయిన మెర్సీ తల్లి జ్ఞానసుందరి పేరున ఆదరణ కూడిక. ప్రార్థన అయ్యాక భోజనాలు.

జ్ఞానసుందరిది థైరాయిడ్ జబ్బు. గొంతులోని ఆ గ్రంథి మితిమీరి పనిచేసింది. తిన్నది ఒంటికి పట్టకపోగా, ఒళ్లు దాచుకున్న కొవ్వంతా కరిగి ఖర్చయిపోయింది. కొవ్వు తర్వాత కండ. ఎంత తిన్నా ఆకలే.

"అంత తిండీ ఎక్కడికి పోతాదే?" అని నవ్విన ఇరుగుపొరుగుతో మెర్సీ ఎన్నిసార్లు పోట్లాడిందో! చివరికి తల్లి గుండె తట్టుకోలేకపోయింది.

తల్లి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ మెర్సీ బాలింత. వెళ్లలేకపోయింది. ఫోనులో మాటలే.

"పక్క మంచం మరిడమ్మ ఉన్నాది సూడు, మనిషి బంగారం! తనకి ఆకలుండదట. పళ్లెంలోది సగం నాకెట్టీసి, తిను తల్లీ, నాకు సాలు అంటాది."

ఆ మరిడమ్మకి తన చేత్తో కడుపునిండా పెట్టాలని మెర్సీ ఆశ. ఆస్పత్రిలో తోడున్న తండ్రి డేవిడ్‌రాజు, బొబ్బిలిలో ఉండే ఆవిడకి కబురంపి, ఎదురెళ్లి తీసుకొస్తానని స్టేషనుకి వెళ్లాడు. మెర్సీ మాంసం కూర ఒక గిన్నెలో తీసి, మూత పెట్టి ఉంచింది.

"కూర కూడా ఉంటే..." చివరి బంతిలో ఆవిడ మొహమాటంగా చెయ్యి చాపింది.

"అయిపోనాది."

ఆవిడ చూపు మూత పెట్టిన గిన్నె మీద పడింది.

మెర్సీకి ఒళ్లు మండింది. "అది మరిడమ్మగారికి దాసినాను. తన అన్నం మా అమ్మకి పెట్టిన మనిషి. నీలాగ ఊళ్ల మీద పడి తినీ రకం కాదు."

బంతిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ తలెత్తింది. ఏదో చెప్పబోయి, నవ్వినవాళ్ల వైపు చూసి మానుకుంది.

ఆకు మడిచింది. చెయ్యి కడుక్కుంది. జ్ఞానసుందరి ఫోటో ముందు కాసేపు నిలబడి, ఎవరినీ పలకరించకుండా వెళ్లిపోయింది.

మెర్సీకి తన మీద తనకే అసహ్యం వేసింది. అమ్మని చూసి నవ్వినవాళ్లు కూడా ఇలాగే మాట్లాడేవారు.

అంతలో డేవిడ్‌రాజు వచ్చాడు.

"రైల్లో రానేదే. బొబ్బిలి బస్సుకి గానీ వచ్చీసినాదేటి?"

"లేదు నాన్నా. ఎలాగుంటాది మనిషి? లావుగా ఉంటాదా?"

"లావేటే! జాకెట్టు బుజాల మీద నిలవదు. అచ్చం మీ అమ్మలాగే."

మెర్సీ గిన్నె పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. బొబ్బిలి బస్సు అప్పుడే కదిలి వెళ్లిపోయింది. ఎవరికీ ముఖం చూపించలేక అక్కడే తల దించుకుని నిలబడిపోయింది.

వెనకే వచ్చిన తండ్రిని ఏడుస్తూ అడిగింది. "మరిడమ్మకి ఆకలుండదని అమ్మ సెప్పినాది కదా నాన్నా?"

"అలాగ సెప్తే గానీ మీ అమ్మ తినదని సెప్పీది. మరిడమ్మకీ మీ అమ్మ జబ్బే గదే."