సెల్విన్‌కు పిడికెడు మన్ను

“గడప దాటినావంటే నా మీద ఒట్టే!” ఇసబెల్లా తలుపుకు అడ్డంగా నిలబడింది.

“పక్కకు జరుగే. సెల్విన్ పోయినాడు. నేను పోకుంటే ఎట్ల?” ఆంథోనీ చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. ఆమాత్రానికే ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాడు.

“పోయిన నెల ఇంగొకరి సావుకు పోయి ఏమైనావు? నాలుగు దినాలు ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టుకోని పండుకోలేదా? దుమ్ము కూడదు, పొగ కూడదు అని డాక్టరమ్మ నెత్తీనోరూ కొట్టుకోలేదా? బయట చూడు, గనిలోని రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బ మీదనుంచి దుమ్ముగాలి ఎట్ల కొడతా ఉండాదో!”

బంగారు గనిలో ఏళ్ల తరబడి పీల్చిన రాతిపొడి ఆంథోనీ ఊపిరితిత్తుల్లో అలాగే కూర్చుంది. సెల్విన్‌దీ అదే గని, అదే షిఫ్టు, అదే దగ్గు. భూమి అడుగున భయపడని మనిషి పెళ్లానికి భయపడతాడా? చివరికి ఇసబెల్లాయే దిగొచ్చింది.

“సరే పోదాం. మాస్కు తీయకూడదు. దూరంగా నిలబడాల. మన్ను మాత్రం వేయకూడదు. అందరూ మన్నేసేటప్పుడే ఆ పాడు దుమ్మంతా లేచేది.”

“సరేలేవే” అన్నాడు. ఇన్‌హేలర్ కొంగున కట్టుకుని, ఆటోకు రెండు పక్కలా దుప్పట్లు కట్టించి తీసుకుపోయింది మహాతల్లి.

సమాధుల తోటలో టపాసులు లేవు. సాంబ్రాణి లేదు. ఒక్క ఊదుబత్తి కూడా వెలగలేదు. ప్రార్థన అయిపోయింది, పెట్టె గోతిలోకి దిగింది. ఆంథోనీకి ఒళ్లు మండిపోయింది.

“చూసినావా? ఆ నాన్సీకి కన్న తండ్రి మీద రవ్వంతన్నా ప్రేమ ఉండాదా? దిక్కులేనోణ్ణి పూడ్చినట్టు పూడుస్తా ఉండాదే!”

“గమ్మునుండప్పా. ఆ పిల్లకు ఏం కష్టముండాదో ఏమో.”

ఒక్కొక్కరే పోయి మన్ను వేసి వస్తున్నారు. ఆంథోనీ చూశాడు, చూశాడు, ఇక ఉండబట్టలేక ఇసబెల్లా చేయి విడిపించుకున్నాడు.

“వద్దయ్యా! నీకు దండం పెడతాను!” ఇసబెల్లా కొంగుముడి విప్పుకుంటూ వెనకే పరుగెత్తింది. సెల్విన్ కోసం ఏడవాలో, తన మనిషి కోసం ఏడవాలో ఆమెకు తెలియలేదు.

ఆంథోనీ వంగి పిడికెడు మన్ను తీశాడు. అది రాలలేదు, వేళ్లకు అంటుకుపోయింది. బురద! ఊళ్లో చినుకు పడి నెల దాటింది.

“ఏం పాపా నాన్సీ, మీ నాయనకు మంచి మన్ను కూడా దొరకలేదా? బురద పోసి పూడుస్తారా వాణ్ణి?” అని అరిచాడు. కళ్లు కారిపోతున్నాయి.

ఇన్‌హేలర్ పట్టుకుని ఇసబెల్లా దగ్గు కోసం ఎదురుచూసింది. దగ్గు రాలేదు.

నాన్సీ దగ్గరికొచ్చి, బురద నిండిన ఆ పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నాయన చెప్పి పోయినాడు చిన్నాయనా. ‘టపాసులొద్దు, పొగొద్దు, మన్ను బాగా తడిపిపెట్టండి. ఎవురు ఆపినా ఆంథోనీ వచ్చి నాకు మన్నేస్తాడు’ అని.”