నల్లజుట్టాయన

"ఏందప్పా, తెరకు వీపు పెట్టి కూర్చున్నావు? సినిమా ఆ పక్క ఉండాది!"

మునిచంద్ర అరుపుకు హాల్లో నలుగురూ నవ్వారు.

నలుగురంటే నిజంగా నలుగురే.

ముసలాయన కుర్చీ తిప్పుకోలేదు. డెబ్బై ఏళ్లుంటాయి. జుట్టు మాత్రం నిగనిగా నలుపు. రంగు చెమటకు కారి చెవి దాకా మరకయింది.

"ఈ వయసులో సోకొకటి!" అని గొణిగాడు మునిచంద్ర.

అతను తీసిన పొట్టి సినిమా పేరు 'గుండు'. కొండమీద తండ్రి గుండు కొట్టించుకొని వస్తే, "నువ్వు మా నాయన కాదు" అని జనంలోకి పరిగెత్తి తప్పిపోయిన పిల్లోడి కథ. ఎప్పుడో జరిగిందని అవ్వ చెప్పింది.

రెండేళ్ల కష్టం. చంద్రగిరిలో మూతపడిన ట్యూషన్ సెంటర్లో ప్రతి ఆదివారం ఉచితంగా వేస్తున్నాడు. అయినా చూసే దిక్కు లేదు.

"ముప్పై ఏళ్ల వాళ్లే మన ప్రేక్షకులు" అని తేల్చుకుని, ఆ వయసువాళ్ల ఫోన్లకే ప్రకటన పెట్టాడు.

మరుసటి ఆదివారం హాలు నిండింది. అందరూ ముప్పైకి అటూ ఇటుగా ఉన్న మగవాళ్లే!

అబ్బ, ఏం బుర్ర నాది అనుకున్నాడు.

ముసలాయన మళ్లీ వచ్చాడు. మళ్లీ జనం వైపే తిరిగి, తెర వెలుగులో ఒక్కో మొహమే చూస్తున్నాడు. ముందు వరసవాళ్లు ఇబ్బందిగా కదిలారు.

మునిచంద్రకు ఒళ్లు మండింది. చెయ్యి పట్టి బయటికి నడిపించాడు.

"ఇంక ఈడికి రావద్దు పో."

"ఒక మూల నిలబడతా నాయనా. సినిమా సూడను."

"సూడనోడివి ఎందుకొస్తావు?"

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

ఆ పై ఆదివారం ఒక్కరూ రాలేదు. ఫోన్లలో ప్రకటన మాత్రం పోతూనే ఉంది.

ఖాళీ కుర్చీల మధ్య తన సినిమా తానొక్కడే చూసుకున్నాడు. ఏడుపొచ్చింది.

కిందికి దిగితే టీకొట్టు గురవమ్మ గ్లాసు అందించింది.

"చెంగయ్య లేకపాయె. ఇంక ఎవురొస్తారు?"

"ఏ చెంగయ్య?"

"అదే, నల్లజుట్టాయన. కోట కాడ, బస్టాండు కాడ నిలబడి జనాన్ని నీ హాలుకు పంపించింది ఆయప్పే కదా! ముప్పై ఏండ్ల మగోడు కనిపిస్తే సాలు, 'ఒక్కసారి సూసి పోప్పా' అని గడ్డం పట్టుకుని బతిమాలేది."

"వాళ్లనే ఎందుకు?"

"తప్పిపోయిన కొడుక్కి ఇప్పుడు ఆ వయసే కదా."

మునిచంద్ర గ్లాసు కింద పెట్టేశాడు.

"యాడుంటాడు ఆయన?"

"మొన్న మూట కట్టుకుని బస్సెక్కినాడు. యాడికని అడిగితే సెప్పలేదు."

"ఆ జుట్టుకు రంగు..."

గురవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"జుట్టు తెల్లగుంటే బిడ్డ మళ్లా 'నువ్వు మా నాయన కాదు' అంటాడేమోనని, ఒక్క ఎంటిక కూడా నెరవనీడు సామీ."