మూడో పిలుపు

“వాడు పలక్కపోతే?” అంది ఓక్బున్, తెర ఇంకా లేవకముందే.

“పలుకుతాడక్కా. వాడి వేషమే అది కదా,” అంది హాన్ టీచరు. ఫ్రెంచివాళ్ళ పాత హాస్యనాటకాన్ని కొరియా మాటల్లోకి దింపి, ఈ రేవు ఊరి జనంతోనే ఆడిస్తున్నది ఆవిడే.

నాటకంలో చోయ్ షావుకారుకి ఏ రోగమూ లేదు, మందులు మాత్రం మింగుతూనే ఉంటాడు. తనంటే ఎవరికి ప్రేమో తేల్చుకుందామని ఒకరోజు చచ్చినట్టు పడుకుంటాడు. ఫ్రెంచిలో పెళ్ళాం పీడ వదిలిందంటుంది, కూతురు ఏడ్చి ఊరుకుంటుంది. మన దగ్గర అదెలా కుదురుతుందని అడ్డుపడింది ఓక్బునే. పోయినవాడి చొక్కా పట్టుకుని ఇంటికప్పెక్కి, పేరుపెట్టి మూడుసార్లు తిరిగి రమ్మని పిలవొద్దా? మూడో పిలుపుకి శవం లేచి కూర్చుంటే జనం పడీపడీ నవ్వరా?

టీచరుకి తెగ నచ్చింది. పిలిచే పనిమనిషి వేషం కూడా తనకే ఇమ్మంది ఓక్బున్. అందరూ వింతగా చూశారు. ఊళ్ళో ఏ ఇంటిమీంచి ఆ పిలుపు వినబడినా చెవులు మూసుకుని లోపలికి పోయే మనిషి ఆమె.

రిహార్సల్సులో ఒక్కనాడూ గొంతెత్తలేదు. పెదాలు కదిపి, ఆరోజు పిలుస్తానులే అనేది. పిలిచేటప్పుడు ఆచారం ప్రకారం ఉత్తరం వైపు తిరగాలని టీచరు ఎంత మొత్తుకున్నా, సముద్రం వైపు తలుపుకేసే తిరిగేది. వేషాల పెట్టెలో చొక్కా వద్దని, ఇంటి నుంచి ఒకటి ఇస్త్రీ చేసి మరీ తెచ్చింది.

ఈ సాయంత్రం కూడా కొడుక్కి గిన్నెలో అన్నం పెట్టి, చల్లారకుండా దుప్పట్లో చుట్టి వచ్చింది. తను మాత్రం మెతుకు ముట్టలేదు.

షావుకారు వేషం పిల్గ్యుది. చేపల వేలంపాటలో అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయిన కుర్రాడు.

“నిద్రపోవు కదరా?” అని అడిగింది వాణ్ణి.

“నీ కేక వింటే నిజం శవాలే లేస్తాయత్తా,” అన్నాడు అంటుగెడ్డం సర్దుకుంటూ. అంతలోనే నాలిక కరుచుకున్నాడు.

“ఏమనాలో గుర్తుందా?”

“‘అంత అరుపెందుకే ముసలీ, లేచాగా’ అనాలి.”

“ఏదో ఒకటి అను. పలికితే చాలు. నీకు పుణ్యముంటుంది.”

చేపల సంఘం హాలు నిండిపోయింది. ఎండు స్క్విడ్ నములుతూ జనం మొదటి నుంచీ నవ్వుతూనే ఉన్నారు. షావుకారు చాపమీద చచ్చిపడ్డాక ఇంకా నవ్వారు. ఓక్బున్ చొక్కా పట్టుకుని నిచ్చెనెక్కుతుంటే, మెట్టు మెట్టుకీ ఆగడం కూడా నటనే అనుకుని చప్పట్లు కొట్టారు.

అట్టముక్కల ఇంటికప్పు మీద నిలబడి, తలుపు వైపు తిరిగి, చొక్కా ఊపుతూ పిలిచింది.

మొదటి పిలుపుకే హాల్లో నవ్వు తెగిపోయింది. నములుతున్న నోళ్ళు ఆగిపోయాయి.

రెండోసారి పిలిచింది. తెరచాటున హాన్ టీచరు గబగబా కాగితాలు తిప్పింది. అందించబోయిన మాట అందించకుండానే కాగితాలు కింద పెట్టేసింది.

మూడోసారి పిలిచేసరికి ఓక్బున్ గొంతు పూర్తిగా చీరుకుపోయింది.

చాపమీద కదలిక లేదు.

ముందు వరుసలో ఒక ముసలావిడ తల దించుకుంది. ఇక పిలవడానికి లేదు, మూడు పిలుపులూ అయిపోయాయి. పలకడు, పలకడని ఓక్బున్‌కి ముందే తెలుసు. చొక్కాని గుండెకి అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

చాలాసేపటికి, షావుకారు పేరుకి బదులు ఆమె మూడుసార్లూ పిలిచిన, రెండు చలికాలాల కిందట పడవెక్కి వెళ్ళి ఇంకా ఇల్లు చేరని కొడుకు తేసొప్ పేరుకి, పిల్గ్యు చాపమీంచి లేచి, గెడ్డం పీకేసి, “వస్తున్నానమ్మా” అన్నాడు.