తండ్రి పేరు

కూతుర్ని ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చడానికి పెంటయ్య తల్లిని కూడా తీసుకెళ్లాడు. పాప పేరు కిరణ్. ఆడా మగా ఎవరికైనా పెట్టుకోవచ్చని పూర్ణా మార్కెట్‌లో కొన్న పేర్ల పుస్తకంలో చదివి, ముచ్చటపడి పెట్టాడు.

"స్టైలుగా ఉంది," అంది కిటికీలోంచి గుమాస్తా అమ్మాయి. "తండ్రి పేరు?"

వెనక వరసలో ఇస్త్రీ చొక్కాల తండ్రులున్నారు. పెంటయ్య గొంతు తగ్గించి, "ప్రవీణ్," అన్నాడు.

మనవరాలి చెయ్యి పట్టుకున్న తల్లి తలెత్తి చూసింది.

గేటు దాటాక అతనే అన్నాడు. "ఏటమ్మా, అలా సూత్తన్నావు? పోర్టులో క్రేను నడుపుతన్నాను. ఇప్పటికీ సెత్తకుప్ప పేరే. నీకప్పుడు ఒక్క మంచి పేరూ దొరకలేదేటి?"

"దొరికినాయిరా. నీ ముందు పెద్దోడికి మోహన్ అనెట్టినాను. రెండోడికి శేఖర్. ఒకడు పదకొండు రోజులున్నాడు. ఇంకొకడు మూడు నెల్లు."

తనకు ముందు ఇద్దరు పోయారని పెంటయ్యకు తెలుసు. వాళ్లకు పేర్లుండేవని తెలియదు.

"నిన్ను పెంట మీద దొర్లించి, సావు కూడా ముట్టుకోని పేరెట్టినాను. ఎల్లి ఆ కొత్త పేరు కొట్టించీరా బాబూ. మంచి పేరుతో ఇంకోడు పోతే నాను సూళ్లేను."

ఆమె మనవరాల్ని పట్టుకుని గేటు పక్కనే నిలబడిపోయింది.

పెంటయ్య మళ్లీ వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే, "తండ్రి పేరు పెంటయ్య అని రాయండమ్మా. ఇందాక తప్పు చెప్పాను," అన్నాడు.

గుమాస్తా అమ్మాయి నవ్వింది. "సొంత పేరు మర్చిపోయారా?"

"మర్చిపోయానమ్మా," అన్నాడు తల వంచుకుని.