నున్నటి పాట

"ఈ పాటే కావాలన్నా," అని అరుణకుమారి ఫోను నా ముందర పెట్టింది. జమ్మలమడుగు చర్చిలో పాటల గుంపును నడిపేది ఆమే. కూతురి పెండ్లికి నన్ను గిటారు వాయించమని అడగనీకొచ్చింది.

ఇరవై ఏండ్ల నాటి పాట. గిటారు మెత్తగా, డ్రమ్ములు అంతకన్నా మెత్తగా ఉంటాయి. పాడేటోనికి చెమట పట్టదు, వినేటోనికి నిద్ర పడుతుంది.

"ఇది పాట కాదమ్మా, పాలిష్ పట్టిన నాపబండ. కాలు పెడితే జారుడే," అన్నా.

ఆమె నవ్వలేదు. "మా పాపకు ఇదంటే పానం. మధ్యలో గిటారు ఎంత బాగుంటాదో ఇను."

"దాన్ని వాయించినోడు మనిషి కాదు, ఇస్త్రీపెట్టె," అనుకుంటా గిటారు తీసుకోని ఆ ముక్క వాయించినా.

ఆమె ఫోన్లో పాట మళ్లీ పెట్టుకోని ఇనింది. "తప్పు పోతాండావన్నా. ఈడ తీగ అట్ల లాగకూడదు. పాటలో అట్ల లేదు."

"లేదు," అని ఒప్పుకున్నా.

"ఏమనుకోవద్దన్నా. ప్రొద్దుటూరులో ఒకాయన అచ్చం ఇట్లనే వాయిస్తాడంట. ఆయన్నే పిలుచుకుంటాం." ఫోను సంచిలో వేసుకోని పోయింది.

మద్రాసు స్టూడియోలో ఆ పాటకు గిటారు వాయించింది నేనే. మొదటిసారి తీగ అట్లనే లాగినా. ఆ లాగుడు వద్దని మళ్లీ మళ్లీ ముప్పైసార్లు వాయించమన్నారు.

ఆఖరికి వాళ్లకు కావాల్సిన ఇస్త్రీపెట్టె నాలోనే దొరికినాక, నన్ను ఇంటికి పొమ్మన్నారు.