ఏలినవారి సంతకం

రాజు ఎయిలిఫ్ సంతకం పెట్టలేదు.

సభ ఆమోదించిన బిల్లు వారం నుంచి ఆయన బల్ల మీదే పడి ఉంది. ఏ బిల్లయినా రాజు సంతకం పడితేనే చట్టం. పెట్టనని చెప్పే హక్కు కాగితం మీద ఉంది కానీ, ఆ దేశంలో ఏ రాజూ దాన్ని వాడిన పాపాన పోలేదు. ప్రధాని హాల్వర్ గుండెల్లో రాయి పడింది. గొడుగైనా లేకుండా వానలో పరుగెత్తుకొచ్చాడు.

రాజుగారు భోంచేస్తున్నారు. ఇరవైమంది పట్టే బల్ల. ఒకే పళ్లెం, అందులో ఉడికించిన బంగాళాదుంపలు, ఉప్పు చేప. రాణిగారు పోయాక ఆయన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు ఆ భవనంలో లేరు. పిల్లలిద్దరూ దూరంగా హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. పాపం, ఒంటరి బతుకు.

"ఏలినవారికి కోపం వచ్చిందా?" అన్నాడు ప్రధాని, తడిసిన కోటు విప్పుకుంటూ.

"ఏలేదేమో మీరు, ఏలినవారు మాత్రం నేనా?" నవ్వారు రాజుగారు. "కూర్చోండి. నా ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఎన్నాళ్లయిందో."

"కొడుకుండగా కూతురికి కిరీటమా అని తమరు బాధపడుతున్నారేమోనని..."

"ఇద్దరిలో ఎవరికివ్వడమూ నాకిష్టం లేదు. మా పెద్దది సునీవాకి పదేళ్లు. చెట్లెక్కుతుంది, తోటి పిల్లలతో దెబ్బలాడుతుంది. నన్ను పందొమ్మిదేళ్లకే ఇక్కడ కూర్చోబెట్టారు. అప్పట్నుంచి నాతో దెబ్బలాడినవాడు ఒక్కడు లేడు. ఆ పిల్లకీ ఇదే గతా?"

ప్రధాని తల దించుకున్నాడు. "తమరు కాదంటే మాత్రం..."

"కాదనకూడదు, తెలుసులెండి. ఏదీ, ఆ వాక్యం ఒక్కసారి చదవండి."

ప్రధాని గర్వంగా గొంతు సవరించుకున్నాడు. కొడుకా, కూతురా అని సభలో రెండేళ్లు కొట్టుకుచచ్చి తేల్చిన వాక్యం మరి.

"'రాజవంశంలో ఏ తరంలోనైనా, ఆడైనా మగైనా, సింహాసనం తొలి సంతానానిదే. రాజు సంతకం చేసిన క్షణం నుంచి ఇది అమలవుతుంది.'"

"'ఏ తరంలోనైనా' అనే ఉండాలా?"

"ఒక్క అక్షరం మార్చినా సభ ఒప్పుకోదు. మార్చే హక్కు తమరికీ లేదు, క్షమించాలి."

"లేదు, లేదు," అన్నారు రాజుగారు గబగబా. సంతకం పెట్టేశారు.

ప్రధాని బతుకు జీవుడా అనుకుంటూ బిల్లును కోటులో దాచుకుని వెళ్లిపోయాడు. గదిలో మళ్లీ రాజుగారొక్కరే మిగిలారు. చల్లారిన కాఫీ పక్కకు జరిపి ఫోన్ అందుకున్నారు.

"చిన్నప్పుడు కిరీటం నాకే కావాలని ఏడ్చేదానివి కదా అక్కా, పెట్టె సర్దుకుని వచ్చెయ్, ఇందాకే నువ్వు మహారాణివయ్యావు."