బాడుగ లేని కాపురం

టెంపోలోంచి టేకు తలుపులు దించుతుండగానే ఈరమ్మ వాకిలికి తలుపుగా కట్టుకున్న గోనె పరదా పీకి మూటలో కుక్కింది. తలుపులు వచ్చినాయంటే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. బెంగళూరులో కడుతున్న బిల్డింగులకు కావలి ఉంటూ, వాటిలోనే కాపురం చేయడం వాళ్ళకు ఎనిమిదేండ్ల అలవాటు.

“నిదానంగా సర్దే,” అన్నాడు ఆమె మొగుడు, మేస్త్రీ సుంకన్న. “కాడుగోడిలోనే ఇంకోదానికి పునాది తీసినారు. కావలి మనకే.”

“హైదరాబాదు పోదామంటి గదా! మా తమ్ముడు మళ్ళీ ఫోన్ చేసినాడు.”

“ఆడ కూలి రోజుకు ముప్పై ఎక్కువే, కాదన్లా. ఆ ముప్పై బాడుగకే పోతాది. మళ్ళా కరెంటు, నీళ్ళు. ఈడ ఎప్పుడన్నా ఒక్క రూపాయి బాడుగ కట్టినామా? ఎట్ల చూసినా బెంగళూరే అగ్గువ.”

“ఎన్ని ఇండ్లు మారినాం?”

“పదకొండు. అన్నీ షావుకార్ల ఇండ్లే!” నవ్వాడు సుంకన్న.

ఈరమ్మ నవ్వలేదు. గోడకు ఆనించిన కొత్త తలుపు మీద అరచెయ్యి పెట్టింది.

“బాడుగ ఇంటికి తలుపుంటాది గదా?”

“ఎందుకుండదు?”

“చీర మార్చుకోవాలన్నా మెట్ల కింద నక్కుతా ఉండా. నువ్వు వాకిలి నిలబెట్టినప్పుడల్లా గడపకు పసుపు పూసింది నేనే. పదకొండు ఇండ్లలో, ఒక్క రోజన్నా లోపల గడియ పెట్టుకుంటినా?”

 సుంకన్న తలుపును చూశాడు. మూట విప్పి, గోనె పరదాను బయటికి లాగి, ఇసుక కుప్ప మీదికి విసిరేశాడు.